శేషాలు, భాజనీయత లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అవే సందేహాలు. పదో తరగతి పిల్లలైనా, ఉద్యోగ పరీక్షకు చదువుకునే పెద్దవాళ్లయినా శేషాల లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఇంచుమించు ఒకే చోట ఆగిపోతారు. సూత్రాలు కంఠతా వచ్చినవారికి కూడా అవి ఎందుకు పనిచేస్తాయో ఎవరూ చూపించి ఉండరు. అందుకే ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటే మొదలుపెట్టవచ్చు.

## మొదటి మెట్టు: శేషం అంటే

భాగహారం బాగానే వచ్చు. శేషం లెక్కలు మాత్రం ఎందుకు చిక్కుపడుతున్నాయి?

బడిలో భాగహారం చేసేటప్పుడు మన చూపంతా భాగఫలం మీదే ఉంటుంది. శేషాన్ని చివర్లో ఓ మూలన రాసి వదిలేస్తాం. ఈ లెక్కల్లో ఆ మూలన ఉన్నదే అసలు సంగతి. 'ఒక సంఖ్యను 36తో భాగిస్తే 19 మిగిలింది. అదే సంఖ్యను 12తో భాగిస్తే ఎంత మిగులుతుంది?' అన్న ప్రశ్న తీసుకోండి. సంఖ్యే తెలియనప్పుడు ఎలా చేస్తామనిపిస్తుంది. విభాజ్యం = విభాజకం × భాగఫలం + శేషం అన్న ఒక్క వరుసను కాగితం మీద పెట్టండి. సంఖ్య = 36 × క + 19. ఇందులో 36 × క ఎలాగూ 12తో నిశ్శేషంగా పోతుంది. చూడవలసింది 19 ఒక్కటే. అందులోంచి 12 తీసేస్తే 7. అదే జవాబు.

అదే సంఖ్యను 8తో భాగిస్తే ఎంత అంటే, 19లో 8 రెండుసార్లు పోగా 3 అని చాలామంది తొందరపడతారు. కానీ 36 అనేది 8తో నిశ్శేషంగా పోదు. 19ని, 55ను చూడండి. రెండూ 36తో భాగిస్తే 19 మిగిల్చేవే. 8తో భాగిస్తే మొదటిదానికి 3, రెండోదానికి 7 మిగులుతాయి. అంటే ఇచ్చిన సమాచారంతో జవాబు తేలదు.

చిన్న సంఖ్యను పెద్ద సంఖ్యతో భాగిస్తే శేషం సున్నాయేనా?

కాదు. ఐదు లడ్డూలు ఉన్నాయి, ఎనిమిది మంది ఉన్నారు. తలా ఒకటి ఇవ్వలేరు కాబట్టి పంచింది సున్నా, మిగిలింది ఐదు. 5ను 8తో భాగిస్తే భాగఫలం 0, శేషం 5.

రుణ సంఖ్యను భాగిస్తే శేషం ఎంత? పుస్తకం ఒకటి చెబుతోంది, కంప్యూటర్ ఇంకొకటి చెబుతోంది.

శేషం ఎప్పుడూ సున్నా కన్నా తక్కువ కాకూడదు, విభాజకం కన్నా చిన్నదిగా ఉండాలి. గణితంలో పెట్టుకున్న నియమం ఇది. −17ను 5తో భాగించాలంటే −17 కన్నా దిగువన ఉన్న 5 గుణిజానికి, అంటే −20కి వెళ్లాలి. అక్కడి నుంచి −17కు రావడానికి 3 కలపాలి. శేషం 3. సి భాషలో రాసిన ప్రోగ్రాము ఇదే లెక్కకు −2 అని చెబుతుంది, పైథాన్ 3 అని చెబుతుంది. సి భాష భాగఫలాన్ని సున్నా వైపు కుదిస్తుంది, పైథాన్ కిందికి కుదిస్తుంది. తేడా అక్కడే వస్తోంది. పరీక్షలో 3 అనే రాయండి. అయితే లెక్క మధ్యలో −2 వాడుకోవడం తప్పు కాదు. చివర్లో 5 కలిపితే 3 వచ్చేస్తుంది. పెద్ద శేషాల బదులు ఇలా చిన్న రుణ సంఖ్యలు వాడటం చేతకాని పని కాదు, మంచి అలవాటు.

సున్నాలు కొట్టేసి భాగిస్తే భాగఫలం సరిగ్గానే వస్తోంది, శేషం మాత్రం తప్పుతోంది. ఎందుకు?

2500ను 400తో భాగించమంటే రెండు వైపులా రెండేసి సున్నాలు కొట్టేసి 25ను 4తో భాగిస్తాం. భాగఫలం 6, శేషం 1. కానీ 400 × 6 = 2400, మిగిలింది 100. రెండు సున్నాలు కొట్టేశారంటే నూరేసి రూపాయల కట్టలు కట్టి కట్టలనే లెక్కపెట్టారన్నమాట. చివర్లో మిగిలిన 1 కూడా ఒక కట్టే, ఒక రూపాయి కాదు. కాబట్టి కొట్టేసిన సున్నాలను శేషానికి తిరిగి చేర్చాలి.

## రెండో మెట్టు: భాజనీయతా సూత్రాలు

3కు, 9కి అంకెలు కూడితే చాలు. అదే పద్ధతి 7కు ఎందుకు పనిచేయదు?

ఈ ప్రశ్న అడిగినవారంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. కారణమంతా 10లో ఉంది. 10 = 9 + 1, 100 = 99 + 1, 1000 = 999 + 1. అంటే పదులు, వందలు, వేలు ఏవైనా 9తో భాగిస్తే 1 మిగులుతుంది. 5274లో ఐదు వేలు 5 మిగులుస్తాయి, రెండు వందలు 2, ఏడు పదులు 7, ఒకట్లు 4. అన్నీ కలిపితే 18, అది 9తో పోతుంది కాబట్టి 5274 కూడా పోతుంది. 9, 99, 999 అన్నీ 3తోనూ పోతాయి కనుక 3కు కూడా ఇదే సూత్రం.

ఇప్పుడు 7 సంగతి. 10ని 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 100కు 2, 1000కి 6, తర్వాత 4, 5, మళ్లీ 1. ఒక్కో స్థానానికి ఒక్కో విలువ. అంకెలను ఊరికే కూడితే ఆ తేడాలన్నీ కలగలిసిపోతాయి. కుడి నుంచి ఎడమకు అంకెలను వరుసగా 1, 3, 2, 6, 4, 5తో గుణించి కూడితే 7కూ పనిచేస్తుంది, కాకపోతే శ్రమ ఎక్కువ.

7కు గుర్తుండిపోయే పరీక్ష ఏదైనా ఉందా?

చివరి అంకెను రెట్టింపు చేసి, మిగతా సంఖ్యలోంచి తీసేయండి. 483కు 48 − 6 = 42, అది 7తో పోతుంది కాబట్టి 483 కూడా పోతుంది. దీని వెనుక ఉన్నది 21. వచ్చిన ఫలితాన్ని 10తో గుణిస్తే, అసలు సంఖ్యకూ దానికీ తేడా సరిగ్గా 21 గుణిజం అవుతుంది. 21 ఎలాగూ 7తో పోతుంది.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష పోతుందా, పోదా అన్నంతవరకే చెబుతుంది. శేషం ఎంతో చెప్పదు. 50కి ఈ పద్ధతిలో 5 వస్తుంది, నిజమైన శేషం 1.

సంఖ్య మరీ పెద్దదైతే 1001ని గుర్తుపెట్టుకోండి. 7 × 11 × 13 = 1001. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని కలుపుతూ ఒకదాన్ని తీసేస్తూ పోవాలి. 654321987కు 987 − 321 + 654 = 1320. ఇక 1320నే చూడండి. 7తో భాగిస్తే 4, 11తో 0, 13తో 7 మిగులుతాయి. తొమ్మిది అంకెల సంఖ్యకు కూడా అవే శేషాలు. ఒకే పనితో మూడు జవాబులు దొరకడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

11 సూత్రంలో ఎడమ నుంచి మొదలుపెట్టాలా, కుడి నుంచా?

నిశ్శేషంగా పోతుందా అని మాత్రమే అడిగితే ఎటు నుంచైనా ఒకటే. శేషం అడిగితే మాత్రం ఒకట్ల స్థానం నుంచే మొదలుపెట్టాలి. 2345కు కుడి నుంచి 5 − 4 + 3 − 2 = 2. నిజంగానే 11 × 213 = 2343, శేషం 2. ఎడమ నుంచి చేస్తే −2 వచ్చి, దానికి 11 కలిపి శేషం 9 అని తప్పు రాస్తారు.

ఒక సంఖ్య 4తోనూ 6తోనూ పోతే 24తో కూడా పోవాలి కదా?

12ను చూడండి. 4తో పోతుంది, 6తో పోతుంది, 24తో పోదు. రెండింటిలోనూ ఒక 2 ఉమ్మడిగా ఉంది, దాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. హామీ ఉన్నది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) వరకే, అంటే ఇక్కడ 12 వరకు. ఉమ్మడి కారణాంకం లేని రెండు సంఖ్యలైతే లబ్ధం వరకు వెళ్లవచ్చు. 72ను పరీక్షించాలంటే 8, 9గా విడగొట్టాలి. 6, 12గా కాదు.

కొన్ని అంకెలు చెరిగిపోయిన లెక్కలు ఎలా చేయాలి?

బట్టల కొట్టు పాత పద్దుపుస్తకంలో '72 చీరలు, మొత్తం 34□5□ రూపాయలు' అని ఉంది, రెండు అంకెలను చెదలు తినేశాయి అనుకుందాం. ఒక్కో చీర వెల పైసలు లేకుండా రూపాయల్లోనే ఉంటే మొత్తం 72తో పోవాలి. అంటే 9తోనూ 8తోనూ పోవాలి.

కనిపిస్తున్న అంకెల మొత్తం 3 + 4 + 5 = 12. పోయిన రెండూ కలిపి 6 గానీ 15 గానీ అయితేనే 9తో పోతుంది. 8తో పోవాలంటే చివరి మూడు అంకెలు 8తో పోవాలి, అంటే చివరి అంకె సరి సంఖ్య కావాలి. మొత్తం 6 అయ్యే జతలు వరుసగా 056, 254, 452, 650. వీటిలో 8తో పోయేది 056 ఒక్కటే. మొత్తం 15 అయ్యే జతల్లో చివరిది సరి అయ్యేవి 758, 956. రెండూ 8తో పోవు. కాబట్టి మొత్తం 34056, చీర వెల 473 రూపాయలు. జవాబు ఒక్కటే ఉందని కూడా ఈ దారిలో రుజువైపోయింది. చాలామంది 34056 దొరకగానే ఆగిపోతారు. మిగతా జతలను కూడా చూసి కొట్టేసినప్పుడే లెక్క పూర్తయినట్టు.

## మూడో మెట్టు: పెద్ద ఘాతాలు

2¹⁰⁰ను 7తో భాగిస్తే శేషం ఎంత? అంత పెద్ద సంఖ్యను ఎలా భాగిస్తాం?

భాగించనక్కర్లేదు. గుణించిన ప్రతిసారీ శేషాన్ని మాత్రమే ఉంచుకుని మిగతాది వదిలేయండి. 2, 4, తర్వాత 8 అంటే 1. మళ్లీ 2, 4, 1. శేషాలు మూడేసిగా తిరుగుతున్నాయి. 100ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి చక్రంలో మొదటిది, అంటే 2 జవాబు. ఇలా తిరగడం యాదృచ్ఛికం కాదు. 7తో భాగిస్తే వచ్చే శేషాలు ఏడే ఏడు. గుణిస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పాతది మళ్లీ రాక తప్పదు, వచ్చిందంటే అక్కడి నుంచి దారి కూడా పాతదే.

ఒకట్ల స్థానంలోని అంకె కోసం ఘాతాన్ని 4తో భాగించమన్నారు. శేషం 0 వస్తే ఏం చేయాలి?

2⁴⁰ తీసుకోండి. 40ని 4తో భాగిస్తే 0 మిగులుతుంది. 2⁰ = 1 కాబట్టి చివరి అంకె 1 అని రాసేస్తారు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్లీ 2. వీటిలో 1 ఎక్కడా లేదు. శేషం 0 అంటే చక్రం పూర్తయిందని అర్థం, చక్రంలో చివరిది తీసుకోవాలి. జవాబు 6. 3, 7, 9 విషయంలో చక్రం చివర 1 ఉంటుంది కాబట్టి ఈ తప్పు బయటపడదు. అక్కడ అలవాటైపోయి 2, 4, 6, 8 దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు.

ఫెర్మా సిద్ధాంతం ఎప్పుడు వాడాలి? ఎప్పుడు వాడకూడదు?

విభాజకం ప్రధాన సంఖ్య అయి, కింది సంఖ్య, అంటే ఘాతానికి పెంచే సంఖ్య, దానికి గుణిజం కానప్పుడు వాడండి. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో ఈ సంగతి రాశాడు. ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేసి, కింది సంఖ్యను అన్నో ఘాతానికి పెంచితే శేషం 1. ఉదాహరణకు 3¹⁰⁰⁰ను 17తో భాగించాలి. 3¹⁶కు శేషం 1. 1000లో 16లు 62 సార్లు పోగా 8 మిగిలింది. ఇక 3⁸ చాలు. 3² = 9, 3⁴ = 81కి శేషం 13, అంటే −4. దాని వర్గం 16. జవాబు 16.

విభాజకం 15 లాంటి సంయుక్త సంఖ్య అయితే ఇది నడవదు. 2¹⁴ను 15తో భాగిస్తే 1 కాదు, 4 వస్తుంది. వెనక్కి కూడా నడవదు. 2³⁴⁰ను 341తో భాగిస్తే 1 మిగులుతుంది కదా అని 341ను ప్రధాన సంఖ్య అనుకోకండి, అది 11 × 31.

శేషాలను కూడవచ్చు, గుణించవచ్చు అన్నారు. భాగించి కొట్టేయడం మాత్రం ఎందుకు తప్పు?

12, 42 రెండూ 10తో భాగిస్తే 2 మిగులుతుంది. 12 = 6 × 2, 42 = 6 × 7. రెండు వైపులా 6 కొట్టేస్తే 2, 7 మిగులుతాయి, వాటి శేషాలు ఒకటి కావు. 6కూ 10కీ 2 ఉమ్మడిగా ఉండటమే కారణం. ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యనైతే నిర్భయంగా కొట్టేయవచ్చు. ఒకే శేషం ఇచ్చే సంఖ్యలకు జర్మన్ గణితవేత్త గౌస్ 1801లో అచ్చయిన తన గ్రంథంలో మూడు గీతల గుర్తు ≡ వాడాడు. అది సమానం గుర్తులా కనిపిస్తుంది కాబట్టే సమీకరణంలో కొట్టేసినట్టు ఇక్కడా కొట్టేయబుద్ధవుతుంది.

## నాలుగో మెట్టు: ఒకే సంఖ్యకు అనేక షరతులు

రెండేసి, మూడేసి, నాలుగేసి, ఐదేసి, ఆరేసి పేరిస్తే ఒకటి మిగులుతుంది, ఏడేసి పేరిస్తే ఏమీ మిగలదు. ఎన్ని కొబ్బరికాయలు?

ఒకటి పక్కన పెట్టేయండి. మిగిలినవి 2, 3, 4, 5, 6 అన్నింటితో పోవాలి, అంటే క.సా.గు. 60కి గుణిజం. కాబట్టి సంఖ్య 61, 121, 181, 241, 301... వీటిలో 7తో పోయే మొదటిది 301. ఆ తర్వాతవి 420 చొప్పున పెంచితే వస్తాయి: 721, 1141, అలా. ప్రశ్నలో 'కనీసం' అన్న మాట ఉందో లేదో తప్పక చూడండి.

4తో భాగిస్తే 3, 5తో 4, 6తో 5 మిగులుతాయి. శేషాలన్నీ వేరువేరుగా ఉంటే ఎలా?

శేషాలు వేరైనా కొరత ఒకటే. ప్రతిసారీ ఒకటి తక్కువైంది. ఒకటి కలిపితే అన్నింటితోనూ పోతుంది. క.సా.గు. 60, జవాబు 59. శేషాలను చూసే ముందు కొరతలను చూడటం అలవాటు చేసుకోండి.

శేషాలూ కలవవు, కొరతలూ కలవవు. అప్పుడు?

అప్పుడు మెట్టుమెట్టుగా వెళ్లాలి. ఆర్యభటీయానికి 629లో వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు ఇచ్చిన లెక్కనే చేద్దాం. 8తో భాగిస్తే 5, 9తో భాగిస్తే 4, 7తో భాగిస్తే 1 మిగలాలి. పెద్ద విభాజకంతో మొదలుపెట్టండి. 9తో 4 మిగిల్చేవి 4, 13, 22... వీటిలో 8తో 5 మిగిల్చేది 13. రెండు షరతులు తీరాయి. ఇక అడుగు 9 కాదు, 72. ఎందుకంటే 72 కలిపితే ఆ రెండు శేషాలూ చెదరవు. 13ను 7తో భాగిస్తే 6 మిగులుతుంది, పనికిరాదు. 85ను భాగిస్తే 1. దొరికింది. ఇంకా కావాలంటే 504 చొప్పున కలుపుకుంటూ పోండి.

పుస్తకాల్లో దీన్ని చైనా శేష సిద్ధాంతం అంటారు. సున్ జి అనే చైనా గణితవేత్త గ్రంథంలో 3తో 2, 5తో 3, 7తో 2 మిగిలే సంఖ్య ఏదన్న ప్రశ్న ఉంది, జవాబు 23. మన దగ్గర ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టకం ఇలాంటి లెక్కలన్నింటికీ వర్తించే సాధారణ పద్ధతి. సంస్కృతంలో కుట్టడమంటే దంచడం. పెద్ద సంఖ్యలను రోట్లో వేసి దంచినట్టు చిన్నవి చేసుకుంటూ పోవడమే ఆ పద్ధతి. పేరులోనే పని ఉంది.

అసలు జవాబే లేని ప్రశ్నను ఎలా కనిపెట్టాలి?

4తో భాగిస్తే 2, 6తో భాగిస్తే 3 మిగలాలన్నారనుకోండి. మొదటి షరతు ప్రకారం అది సరి సంఖ్య, రెండోదాని ప్రకారం బేసి. కుదరదు. విభాజకాల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) తీసుకుని, శేషాల తేడా దానితో పోతుందో లేదో చూడండి. పోకపోతే జవాబు లేదు.

77, 147, 252లను ఏ అతిపెద్ద సంఖ్యతో భాగిస్తే ఒకే శేషం వస్తుంది?

శేషం ఒకటే అయితే తీసివేతలో అది మాయమవుతుంది. తేడాలు 70, 105, 175. వీటి గ.సా.భా. 35. మూడింటికీ శేషం 7. ఇచ్చిన సంఖ్యలకే గ.సా.భా. కట్టడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

## ఐదో మెట్టు: క్యాలెండరు, పంచాంగం

తేదీ చెబితే వారం ఎలా చెప్పాలి?

365 = 52 × 7 + 1. ఏడాది గడిస్తే వారం ఒకటి జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు. 1947 ఆగస్టు 15 శుక్రవారం. 2022 ఆగస్టు 15కు 75 ఏళ్లు. 1948 నుంచి 2020 వరకు లీపు సంవత్సరాలు 19. మొత్తం జరుగుడు 94, దాన్ని 7తో భాగిస్తే 3. శుక్రవారం నుంచి మూడు దాటితే సోమవారం.

తెలుగు సంవత్సరం పేరు కూడా శేషంతో చెప్పవచ్చా?

నిక్షేపంగా. ప్రభవ నుంచి అక్షయ వరకు పేర్లు 60. ఉగాది వచ్చిన ఇంగ్లిషు సంవత్సరంలోంచి 6 తీసేసి 60తో భాగించండి, శేషమే ఆ పేరు వరుస సంఖ్య. 2024 − 6 = 2018, శేషం 38. ముప్పై ఎనిమిదోది క్రోధి. 2020కి శేషం 34, శార్వరి. 1947కు 21, సర్వజిత్తు. శేషం 0 వస్తే అరవయ్యోది, అక్షయ. జనవరి నుంచి ఉగాది ముందురోజు వరకు పుట్టినవారికి వెనకటి సంవత్సరం తీసుకోవాలి. షష్టిపూర్తి నాటికి పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ రావడానికి కారణం కూడా ఈ 60 చక్రమే. పిల్లలకు శేషాలు నేర్పేటప్పుడు తాతయ్య, అమ్మమ్మల పుట్టిన సంవత్సరాలతో ఈ లెక్క చేయించండి, ఇంట్లో పెద్దవాళ్లే జవాబు సరిచూస్తారు.

## ఆరో మెట్టు: నిరూపణ, సరిచూసుకోవడం

వరుసగా వచ్చే మూడు సంఖ్యల లబ్ధం 6తో పోతుందని నాలుగు ఉదాహరణలతో చూపితే చాలదా?

చాలదు. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, 41ని కలుపుతూ పోండి. 39 వరకు ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 41 × 41 వచ్చి మాట తప్పుతుంది. నలభై ఉదాహరణలు కూడా మోసం చేయగలవు. నిరూపణకు శేషాలే దారి. వరుసగా ఉన్న మూడింటిలో ఒకటి తప్పక 3 గుణిజం, కనీసం ఒకటి సరి సంఖ్య. 2కూ 3కూ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి లబ్ధం 6తో పోతుంది.

11, 111, 1111... వీటిలో ఏదైనా పూర్ణ వర్గం ఉందా?

ఒక్కటీ లేదు. సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే 0, బేసి సంఖ్య వర్గాన్ని భాగిస్తే 1 మిగులుతాయి. వేరే శేషం రాదు. ఈ సంఖ్యలన్నీ 11తో ముగుస్తాయి, 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అంతులేనన్ని సంఖ్యల సంగతి రెండు వరుసల్లో తేలిపోయింది.

పెద్ద గుణకారం సరిగ్గా చేశానో లేదో మళ్లీ చేయకుండా చూసుకోవచ్చా?

347 × 286 = 99242 అని వచ్చిందనుకోండి. 9తో శేషాలు చూడండి. 347కు 5, 286కు 7, లబ్ధం 35కు 8. 99242 అంకెల మొత్తం 26, శేషం 8. కుదిరింది. అయితే అంకెలు తారుమారై 99422 అని రాసినా మొత్తం మారదు, 9 ఆ తప్పును పట్టుకోలేదు. పక్కపక్క అంకెలు మారితే 11 పట్టుకుంటుంది. 286 అనేది 11తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి లబ్ధమూ పోవాలి. 99242కు 2 − 4 + 2 − 9 + 9 = 0. 99422కు 4 వస్తుంది. రెండూ కలిపి చూడటానికి పది సెకన్లు కూడా పట్టదు.